అత్తకు చెప్పినాను

పోయిన వారం మా ఇంట్లో నీళ్ళ మోటరు కాలిపోయింది. సంపులో నీళ్ళు అయిపోయినా గంటసేపు ఒట్టిగా తిరిగి, ఇల్లంతా కాలిన వాసన నింపి, తనంతట తానే ఆగిపోయింది. కోడలు పొద్దున ఆఫీసుకు బయలుదేరుతూ, ట్యాంకు నిండగానే మోటరు ఆపమని నాకు చెప్పాలనుకుందట. నేను స్నానానికి పోయానని ఆ మాట మనవరాలికి అప్పజెప్పి వెళ్ళింది. సాయంత్రం హాల్లో పంచాయితీ జరిగింది. ఎనిమిదేళ్ళ పిల్ల తలుపుకు ఆనుకొని, కాలి బొటనవేలితో నేల గీకుతూ, "నేను అవ్వకు చెప్పినాను" అంది.

అందరూ నా వైపు తిరిగారు. కొడుకు ముఖంలో కోపం లేదు, జాలి ఉంది. కోపమైతే బాగుండేది, నాలుగు మాటలు నేనూ అనేదాన్ని. పాప నాకు చెప్పినట్టు గుర్తు లేదు. చెప్పలేదని గట్టిగా అందామన్నా గుర్తు లేదు. ఏదో ఒకటి అనాలి. కానీ నా చూపు ఆ బొటనవేలి మీదే ఆగిపోయింది. ఆ నిలుచున్న తీరు నాది. ఆ మాట కూడా దాదాపు నాదే. పదేళ్ళ వయసులో, మా ఊరి ఇంట్లో, అలాగే తలుపుకు ఆనుకొని నేనన్న మాట అది.

మాది చింతామణి నుంచి కైవారం పోయే దారిలో, బస్సు దిగి రెండు మైళ్ళు నడవాల్సిన పల్లె. ఇప్పుడక్కడ గులాబీలు పెంచే షెడ్లు, ప్లాట్లకు పాతిన రాళ్ళు ఉన్నాయి. నా చిన్నప్పుడు ఎటు చూసినా మల్బరీ తోటలే. ప్రతి ఇంట్లోనూ మనుషులు పడుకునే జాగా కంటే పట్టుపురుగులు పడుకునే జాగా పెద్దది. మా ఇంట్లో పొడుగాటి గది పురుగులది. అందులో వెదురు తట్టలు అరలు అరలుగా పేర్చి ఉండేవి. ఆకు పసరు, పురుగుల రెట్ట, సున్నం కలిసిన ఒక వెచ్చని వాసన మా బట్టలకు, మేము తినే సంగటికి కూడా పట్టి ఉండేది. చింతామణి టౌను పిల్లలు ఆ వాసనకు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన లేని ఇల్లు పాడుబడ్డ ఇల్లులా అనిపించేది.

ఆ గదికి పెద్ద మా మేనత్త. నాయనకు అక్క. పెళ్ళైన రెండేళ్ళకే పుట్టింటికి తిరిగి వచ్చేసింది. ఎందుకు వచ్చిందో పిల్లల ముందు ఎవరూ చెప్పేవారు కాదు. పురుగుల సంగతి ఆమెకు తెలిసినంత ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. పురుగు మేత మానేసి, తల పైకెత్తి, కుబుసం విడవడానికి కదలకుండా ఉండిపోతే దాన్ని మావాళ్ళు జ్వరం అంటారు. అలాంటి జ్వరాలు నాలుగు దాటితే గాని పురుగు గూడు కట్టదు. అత్త తట్ట మీదికి ముఖం వంచి వాసన చూసి, "రేపు పొద్దుకు లేస్తాయి, ఆకు తెచ్చిపెట్టుకోండి" అంటే, తెల్లారేసరికి అవి లేచి ఉండేవి. ఇరుగుపొరుగు వాళ్ళు "అక్కా, ఒక్కతూరి వచ్చి మా పురుగుల్ని చూసిపో" అని వచ్చి పిలుచుకుపోయేవారు. అలా పిలిచిన రోజు అత్త కొప్పు విప్పి మళ్ళీ బిగించి ముడివేసుకుని మరీ పోయేది.

నాకు మాటలు ఇచ్చింది కూడా ఆమే. నాలుగేళ్ళు దాటినా నేను నోరు విప్పలేదు. మూగదని ఊరంతా తీర్మానించేసింది. నాయనను కన్న అవ్వ కైవారం గుడికి మొక్కుకుంది. అత్త మొక్కుల జోలికి పోకుండా, నన్ను చంకనేసుకుని మల్బరీ తోటకు తీసుకుపోయి, ఆకు కోస్తూ నా వంతు మాటలు కూడా తానే మాట్లాడేది.

"ఏం పాపా, ఈ పొద్దు ఏం తింటివి? సంగటి తింటి అత్తా. సంగట్లోకి సారేమి? అనపగింజల సారు అత్తా. కారమా? కారమే అత్తా, నోరు మండిపాయె."

సాలుకు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఇదే వరస. నేను పలకకపోయినా అడగడం మాత్రం మానలేదు. ఒకరోజు "కారమా?" అని అడిగాక ఆమెకు దగ్గు వచ్చి ఆగిందట. ఆ సందులో నేను "కారం లేదు" అన్నానట. తాను చెప్పే జవాబు కాకుండా పాప తన జవాబు తాను చెప్పిందని అత్త ఊరంతా చెప్పుకుంది. నేను అనే మనిషి ఆ మల్బరీ సాళ్ళలోనే మొదలైందని నాకనిపిస్తుంది. దానికి ముందుది ఏదీ నాకు గుర్తు లేదు.

నేను చెప్పబోయేది చిక్కుడు జాతి అనపకాయలు కాసే కాలంలో జరిగింది. చలికి ఆడవాళ్ళంతా ఎండ పడే చోట చేరి, నానబెట్టిన అనపగింజలు పొట్టు ఊడేలా పితుకుతూ కూర్చునేవారు. చేతులన్నీ ఆ పచ్చివాసన. ఎవరి కోడలు ఏమంది, ఎవరి పురుగులు ఏ జ్వరంలో ఉన్నాయి, గౌరిబిదనూరు సంబంధం ఎందుకు చెడింది, అన్ని కబుర్లూ ఆ గిన్నె చుట్టూనే. పిల్లలం పితికిన పప్పు దొంగచాటుగా నోట్లో వేసుకుని, మొట్టికాయ పడకముందే పరుగెత్తేవాళ్ళం.

మా పురుగులు నాలుగో జ్వరం దాటి పెద్ద మేతలో ఉన్నాయి. ఆ వారం వాటికి ఎంత ఆకు వేసినా చాలదు. గది బయట నిలబడితే లోపల వాన పడుతున్నట్టు చప్పుడు. ఇంకో నాలుగు రోజులు ఆగితే గూళ్ళు కట్టేవి. ఆ పొద్దున తోటకు పోతున్నానని ఇంట్లో చెప్పి, నేను పోయింది గట్టు మీది చింతచెట్టు కిందికి. నాకప్పుడు దగ్గు. చింతకాయ ముట్టుకుంటే కాళ్ళు విరగ్గొడతానని అవ్వ చెప్పి ఉంది. పేలికలో ఉప్పు మూటగట్టుకుపోయి దోరకాయలు అద్దుకు తింటుంటే, పక్క పొలంలో టమాటా పెట్టినాయన వీపు మీది మందు డబ్బా దించుతూ నన్ను పిలిచాడు.

"పాపా, మీ ఇంట్లో చెప్పు. నేను టమాటాకు మందు కొట్టినాను. గాలి మీ తట్టుకే కొట్టింది. గట్టు పక్క నాలుగు సాళ్ళు వారం దినాలు కోయద్దని చెప్పు. మరిచేవు."

"మర్చనులే చిన్నాయనా" అన్నాను.

మందు పడిన ఆకు ఒక్క గంప చాలు, గదంతా పోతుంది. అది మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. నేను తిన్నగా ఇంటికి పరుగెత్తాల్సింది. కానీ నోరంతా చింతకాయ వాసన. అవ్వ నోరు తెరవమంటుంది. వాసన పోనిద్దామని బావి దగ్గర పుక్కిలించుకుంటుంటే, అక్కడ అచ్చనగాయలు ఆడుతున్న పిల్లలు రమ్మన్నారు. కూర్చున్నాను. ఆ మాట నా తలలోంచి జారిపోయింది. అంతకు మించి ఏమీ జరగలేదు.

మధ్యాహ్నం అత్త గట్టు పక్క సాళ్ళలోనే ఆకు కోసుకొచ్చి వేసింది. పొద్దు వాలేసరికి పురుగులు తలలెత్తి ఊపుతూ పచ్చని నీళ్ళు కక్కడం మొదలుపెట్టాయి. మర్నాడు పొద్దున గదిలో చప్పుడు లేదు. చచ్చిన పురుగుల్ని నాయన గంపలతో ఎత్తి గుంతలో పోశాడు. అమ్మ ఏడుస్తూ తట్టలు కడిగింది. నాయన టమాటా ఆయన మీదికి పోయాడు. ఆయన మా వాకిట్లోకే వచ్చి నిలబడ్డాడు.

"నన్నెందుకంటావప్పా? నేను మీ పాపకు చెప్పి పంపినాను. అడుగు."

అందరూ నా వైపు తిరిగారు. అత్త పురుగుల గది గడప మీద నిలబడి ఉంది. నేను తలుపుకు ఆనుకొని ఉన్నాను.

"చెప్పినాడా నీకు?" అన్నాడు నాయన.

"చెప్పినాడు."

"నువ్వెవురికి చెప్తివి?"

ఆలోచించి అన్న మాట కాదు. నోట్లోంచి దానంతటదే వచ్చింది. "అత్తకు చెప్పినాను."

"నాకు చెప్తివా పాపా?" అంది అత్త. "ఎప్పుడు?"

"మధ్యాన్నం. నువ్వు గంప ఎత్తుకుంటా ఉన్నెప్పుడు."

కాస్త వివరం చేరిస్తే అబద్ధం నిలబడుతుందని నాకెవరూ నేర్పలేదు. ఎలా తెలుసో తెలియదు. అత్త చాలాసేపు నన్నే చూసింది. నేను చూపు తిప్పుకోలేదు, బొటనవేలు మాత్రం నేల గీకుతూ ఉంది. చివరకు ఆమె మెల్లగా, "చెప్పిందేమో. నేనే ఇనలేదేమో" అంది.

నన్ను కాపాడాలని అందో, నిజంగానే అనుమానం వచ్చి అందో, ఈ రోజుకీ నాకు తెలియదు.

నాయన అక్కతో, "ఈ పొద్దుతో నీకూ నాకూ మాటల్లేవు" అన్నాడు.

మా వైపు ఇళ్ళలో ఇదొక పద్ధతి. కోపం వస్తే వేరుపడరు, మాట నిలిపేస్తారు. ఒకే కప్పు కింద ఉంటారు, ఒకే కుండలోది తింటారు, మాటలు మాత్రం నేరుగా పోవు. ఇంట్లో ఒక పిల్లను మధ్యలో పెట్టుకుని "ఆయమ్మకు చెప్పు", "ఆయప్పకు చెప్పు" అంటారు, ఇద్దరూ మూరెడు దూరంలో కూర్చుని ఉన్నా సరే. పిల్లలు ఉన్నదున్నట్టు చెప్తారని వాళ్ళ నమ్మకం. మా ఇంట్లో ఆ పని నాకు పడింది. "మా పాపకు మరుపు లేదు, కల్ల తెలీదు" అని అవ్వే నన్ను ఎంచింది.

"పాపా, మీ అత్తకు చెప్పు, గంప ఈ పక్క పెట్టమని."

"పాపా, మీ నాయనకు చెప్పు, పెట్టినానని."

ఆమె పెట్టడం నాయన చూస్తూనే ఉండేవాడు. అయినా నేను చెప్పాలి. ఒకప్పుడు అత్త నా వంతూ తన వంతూ కలిపి మాట్లాడింది. ఇప్పుడు నేను వాళ్ళిద్దరి వంతూ మాట్లాడుతున్నాను. పెద్దవాళ్ళ మధ్య నిలబడి వాళ్ళ మాటలు మోయడం నాకు గొప్పగా కూడా ఉండేది. అది దాచుకోవడం ఎందుకు.

ఇక ఇంట్లోనూ బయటా ఒకే మాట: అత్తకు మరుపు, ఆమెను నమ్మి పని పెట్టద్దు. కొత్త పురుగులు వచ్చినప్పుడు నాయన ఆమెను ఆ గదిలోకి రానివ్వలేదు. అమ్మ కూరలో ఉప్పు తానే వేసుకునేది. ఇరుగుపొరుగు వాళ్ళు పిలవడం మానేశారు. బావి దగ్గర ఒకామె "అక్కా, కడవ మర్చిపోయేవు" అని నవ్వింది. ఆమెకు చెడు ఉద్దేశమేమీ లేదు. అలా అనగా అనగా ఆ మాట అత్త ఒంటికి పట్టింది. ఒక పూట ఆమె వంటింట్లోంచి వచ్చి వాకిట్లో ఆగిపోయింది.

"పాపా, నేను పొయ్యి ఆర్పినానా?"

"ఆర్పినావత్తా" అన్నాను, పొయ్యి వైపు చూడకుండానే.

ఆ తర్వాత రోజూ అడిగేది. తలుపేసినానా, దూడను కట్టేసినానా. నేను ఔనంటే ఔను, కాదంటే కాదు. పురుగు ఎప్పుడు లేస్తుందో వాసనతో చెప్పిన మనిషి, తాను అన్నం తిన్నదీ లేనిదీ పదేళ్ళ పిల్లను అడిగేది. ఒకసారి ఆకతాయితనానికి, ఆమె తిని చెయ్యి కడుక్కున్నాక, "నువ్వింకా తినలేదత్తా" అన్నాను. ఆమె నన్ను ఒకసారి చూసి, మళ్ళీ వెళ్ళి కంచం ముందు కూర్చుంది. "రెండుతూర్లు తినేంత మరుపు వచ్చె దీనికి" అని అవ్వ తల కొట్టుకుంది. నేను నవ్వానో లేదో గుర్తు లేదు. నవ్వే ఉంటాను.

కానీ రెండో కంచం ముందు ఆమె వంగి కూర్చున్న తీరు నన్ను వదల్లేదు. మర్నాడు తోటలో ఆకు కోస్తుంటే ఆమె పక్కకు పోయి నిలబడ్డాను.

"అత్తా, ఆ పొద్దు నేను నీకు చెప్పలేదు. చింతకాయలు తింటా మర్చిపోతి."

ఆమె చెయ్యి కొమ్మ మీద ఆగింది.

"చెప్పినావు పాపా. నేను గంప ఎత్తుకుంటా ఉన్నెప్పుడు చెప్పినావు. నాకిప్పుడు గెవనానికొస్తా ఉండాది."

"లేదత్తా."

"నువ్వు కల్లలాడే పిల్లవు కాదు. అందరూ అంటాండారు కదా."

నేను కల్పించిన మధ్యాహ్నం ఆమెకు గుర్తుకొచ్చేసింది. అప్పుడే నాయన దగ్గరకు పోయి చెప్పి ఉండాల్సింది. పోలేదు. చెప్పాల్సిన మనిషికి చెప్పేశాను, ఆమే కాదంది, ఇక నా తప్పు లేదనుకున్నాను.

ఎండలు ముదిరాక ఒక పొద్దున అత్త రెండు చీరలు మూటగట్టుకుని, "మీ నాయనకు చెప్పు, నేను పోతాండానని" అంది. నాయన అక్కడే పలుపు పేనుతున్నాడు. నేను చెప్పాను. ఆయన తలెత్తలేదు. ఆమె కైవారం పోయి, గుడికి వచ్చేవాళ్ళకు అన్నం పెట్టే చోట కూరగాయలు తరుగుతూ ఉండిపోయింది.

ఏడాది తిరిగేసరికి నాయన మెత్తబడ్డాడు. పురుగులు మునుపటిలా రావడం లేదు, ఇంట్లో ఏదో కొరత. నన్ను వెంటబెట్టుకుని కైవారం పోయాడు. మాట నిలిపిన మనిషి కాబట్టి తాను లోపలికి రాలేదు, వీధిలోనే ఆగాడు.

"పోయి మీ అత్తకు చెప్పు. ఇంటికి రమ్మన్నానని చెప్పు. పురుగుల పని మళ్ళా ఆమే చూసుకోవాలని చెప్పు. నేను ఈడే ఉంటాను."

లోపల సారు మరిగే వాసన, గుమ్మడికాయల కుప్ప. అత్త కత్తిపీట ముందు కూర్చుని ఉంది. బాగా చిక్కింది. నన్ను చూడగానే మొదట అడిగింది ఒక్కటే.

"మీ నాయనేమన్నా చెప్పి పంపినాడా?"

మాట నా నాలుక మీదే ఉంది. కానీ ఆమె వస్తే వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకుంటారు. ఏదో ఒకరోజు ఆమె "పాప ఆ పొద్దు తోటలో నాతో ఇట్లనింది" అంటుంది. అప్పటికి ఇంట్లో ఏ తగవు వచ్చినా "పాపను అడగండి" అనేవారు. శాలెలో మేష్ట్రు కూడా గలాటా చేసినవాళ్ళ పేర్లు నన్నే రాయమనేవాడు. అదంతా పోతుందని నాకు భయం వేసింది. ఈసారి మరుపు కాదు. తెలిసే అన్నాను.

"ఏమీ చెప్పలేదత్తా."

ఆమె తల ఊపి, తరిగిన ముక్కలు పక్కకు జరిపి, "అన్నం తిని పో" అంది.

వీధిలోకి వచ్చి నాయనతో, "రానంటా ఉండాది. ఈడే బాగుండాదంట" అన్నాను. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. బస్టాండులో నాకు బోండాలు ఇప్పించాడు. తిన్నాను కూడా.

అత్త ఇంకో ఏడేళ్ళు బతికింది. పోయిందని కబురొస్తే వెళ్ళాం. ఆమెతో కలిసి కూరలు తరిగిన ముసలామె నాయనతో అంది: "మన ఊరోళ్ళు ఎవురొచ్చినా ఒకటే అడిగేదప్పా. మా తమ్ముడేమన్నా చెప్పి పంపినాడా, అని."

నాయన నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్తివి కదా పాపా?"

"చెప్పినాను నాయనా. మర్చిపోయి ఉంటాది."

"ఔను. పాపం, ఆమెకు మరుపు కదా" అన్నాడు నాయన. ఆ తర్వాత ఎన్నేళ్ళు బతికినా ఆయన ఆ మాటను అనుమానించలేదు.

నేను టీచరునయ్యాను. పెన్సిలు పోయినా, కొట్లాట జరిగినా పిల్లల్ని నా ముందుకే తెచ్చేవారు. నా కళ్ళలోకి చూస్తే అబద్ధం నిలవదని తోటి టీచర్లు అనేవారు. వాళ్ళు అనేకొద్దీ నేనూ అలాంటి మనిషినే అయిపోయాను. ఒకే మాటతో ఒకామె మతిలేనిదైపోయింది, ఒకామె నిజాయితీపరురాలైపోయింది. ఇద్దరమూ ఊరు పెట్టిన పేరుకు తగ్గట్టే బతికాం.

ఆ సాయంత్రం హాల్లో అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు.

"చెప్పిందేమో. నేనే ఇనలేదేమో" అన్నాను.

పాప బొటనవేలు ఆగింది. కొడుకు, డాక్టరుకు ఒకసారి చూపిద్దామని కోడలితో మెల్లగా అన్నాడు. నాకు వినబడింది.

మర్నాడు మిద్దె మీద బట్టలు ఆరేస్తూ పాపను దగ్గరకు పిలిచాను. "చెప్పకపోయినా నేనేమీ అననమ్మా. ఎవురికీ చెప్పను కూడా. నాకొక్కదానికే చెప్పు."

"చెప్పినాను అవ్వా" అంది, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ. "నువ్వు తల దువ్వుకుంటా ఉన్నెప్పుడు."

అంతమంది పిల్లల అబద్ధాలు పట్టుకున్నదాన్ని, ఈ పిల్ల ముఖంలో నాకేమీ దొరకలేదు. నిజమే చెప్తోందేమో. రెండు రోజులుగా, దువ్వెన చేతిలో ఉండగా వెనక నుంచి ఆ పిల్ల గొంతు విన్నట్టే నాకు అనిపిస్తోంది.

నిన్న పొద్దున వంటింట్లోంచి వచ్చి హాలు మధ్యలో ఆగిపోయాను.

"పాపా, నేను గ్యాసు ఆపినానా?"

"ఆపినావవ్వా" అంది పాప, టీవీ మీది నుంచి చూపు తిప్పకుండానే.

నేను వెనక్కి పోయి చూసుకోలేదు.